పొగ, నిప్పు, పీ0420

మహర్నవమి నాడు విజయవాడ ఆటోనగర్ షెడ్డుల ముందు కల్లాపి చల్లి ముగ్గులు పెడతారు. పానాలు, జాకీలు, సుత్తులు కిరోసిన్‌తో కడిగి, గుడ్డతో తుడిచి, పసుపు పూసి, కుంకుమబొట్లు పెట్టి వరసగా పేరుస్తారు. కొన్నేళ్లుగా ఆ వరసలోకి కొత్త వస్తువొకటి వచ్చి చేరింది. రబ్బరు తొడుగు వేసిన టాబ్లెట్, పక్కనే చుట్టచుట్టిన కేబులు, కేబులు కొసన పదహారు పిన్నుల ప్లగ్గు. షెడ్డులో దాన్ని స్కానర్ అంటారు. అద్దానికి తడి తగలకుండా అంచున చిన్న బొట్టు పెట్టి, దానికీ హారతి చూపిస్తారు.

పానాకీ దీనికీ పెద్ద తేడా ఉంది. పానా చెయ్యి చెప్పినట్టు వింటుంది. స్కానర్ మనకు చెబుతుంది. ఇంజన్ విప్పాలా వద్దా, ఏ సెన్సార్ మార్చాలి, యజమాని జేబులోంచి రెండు వేలు పోతాయా నలభై వేలు పోతాయా అన్నది దాని మాట మీదే తేలుతోంది. అందుకే ఇంటికో షెడ్డుకో ఏ స్కానర్ కొనాలన్న ప్రశ్నను ధర, బ్రాండు, స్క్రీన్ సైజుతో ముగించడం కుదరదు. దాని అడుగున చాలా పాత ప్రశ్న ఉంది: చెప్పిన మాటను ఎప్పుడు నమ్మాలి? కనబడిన గుర్తు నుంచి కనబడని కారణానికి ఎలా చేరుకోవాలి? తెలిసింది అనుకున్నది నిజంగా తెలిసినట్టేనా? మనవాళ్లు ఈ చర్చకు ప్రమాణ విచారమని పేరు పెట్టి శతాబ్దాల తరబడి వాదించుకున్నారు. ఆ వాదాలు ఇవాళ కారు డాష్‌బోర్డు కింద అక్షరాలా పనికొస్తాయి.

గౌతముని న్యాయసూత్రాలు నాలుగు ప్రమాణాలను ఒప్పుకున్నాయి. కంటికి, చెవికి నేరుగా తెలిసేది ప్రత్యక్షం. గుర్తును పట్టుకుని కనబడనిదాన్ని తెలుసుకోవడం అనుమానం. వాడుకలో అనుమానమంటే సందేహం అయిపోయింది గానీ, శాస్త్రంలో అది సందేహానికి విరుగుడు. తెలిసినదానితో పోల్చి తెలియనిదాన్ని గుర్తుపట్టడం ఉపమానం. నమ్మదగినవాడి మాట శబ్దం. కార్బురేటర్ల కాలంలో మెకానిక్ ఎక్కువగా మొదటి రెండింటి మీదే బతికాడు. పొడవాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కి ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని బేరింగ్ చప్పుడు వినేవాడు. స్పార్క్ ప్లగ్గు విప్పి మూతి రంగు చూసేవాడు. మసిపట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువైనట్టు, సున్నంలా పాలిపోతే గాలి ఎక్కువైనట్టు, లేత గోధుమరంగులో ఉంటే మిశ్రమం సరిగ్గా కాలుతున్నట్టు.

తర్వాత కారులోకి కంప్యూటర్ వచ్చింది. దానితో పాటు మూడో సాక్షి వచ్చాడు: శబ్దం. అమెరికాలో 1996 మోడల్ నుంచి రెండో తరం ఓబీడీ, అంటే బండి తన తప్పును తానే పట్టి చెప్పుకునే ఏర్పాటు, తప్పనిసరి అయింది. ఐరోపాలో పెట్రోలు కార్లకు 2001లో వచ్చింది. మన దేశంలో తొలి దశ 2010 ఏప్రిల్‌లో, రెండో దశ 2013 ఏప్రిల్‌లో అమలైంది. ఇదంతా గాలిలో విషవాయువులను తగ్గించడానికి పెట్టిన నిబంధన. మెకానిక్ సౌకర్యం కోసమని ఎవరూ పెట్టలేదు. కొనేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. చట్టం ప్రకారం కారు ఎవరికైనా చెప్పి తీరాల్సినవి పొగకు సంబంధించిన తప్పులే. బ్రేకుల ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్, ఏసీ, తాళంచెవి వంటివి కంపెనీల సొంత భాషలో ఉంటాయి. చవక టూల్‌కి ఆ భాష రాదు.

స్టీరింగ్ కింద, మోకాళ్లకు కాస్త పైన, ఒక వైపు వెడల్పుగా మరో వైపు ఇరుగ్గా ఉండే సాకెట్ ఉంటుంది. పదహారు గదుల్లో నాలుగు, ఐదు ఎర్తు. పదహారోది బ్యాటరీ నుంచి నేరుగా వచ్చే కరెంటు. ఆరు, పద్నాలుగు ఇప్పటి కార్లలో కంప్యూటర్లు మాట్లాడుకునే తీగలు. ప్లగ్గు పెట్టి తాళం తిప్పితే, కొద్ది క్షణాలు వెతుక్కుని, తెర మీద ఐదు అక్షరాలు వస్తాయి. మొదటిది పీ అయితే ఇంజన్, గేర్‌బాక్సు; సీ అయితే చాసిస్; బీ అయితే బాడీ; యూ అయితే కంప్యూటర్ల మధ్య మాట తెగినట్టు. రెండోది సున్నా అయితే అన్ని కంపెనీలకూ ఉమ్మడి అర్థం. ఒకటి అయితే సాధారణంగా కంపెనీ సొంతం; ఒకే నంబరుకు ఒక కంపెనీ కారులో ఒక అర్థం, మరో కంపెనీ కారులో మరో అర్థం.

ఇక పీ0420 సంగతి. పాతబడ్డ పెట్రోలు కార్లలో తరచూ కనబడే కోడ్ ఇది. చాలామంది దీన్ని "క్యాటలిటిక్ కన్వర్టర్ పోయింది" అని చదువుతారు. ప్లాటినం, పెలేడియం, రోడియం లాంటి ఖరీదైన లోహాలు ఉండే భాగం కాబట్టి పదుల వేలు పోస్తారు. కానీ ఆ కోడ్ చెప్పింది అది కాదు. మొదటి బ్యాంకులో, అంటే ఇంజన్‌లో మొదటి సిలిండరు ఉన్న వరసలో, కన్వర్టర్ పనితనం హద్దుకు దిగువన ఉన్నట్టు తోస్తోందని మాత్రమే చెప్పింది. కంప్యూటర్‌కు కన్వర్టర్ లోపల కన్ను లేదు. ముందొకటి, వెనకొకటి ఉన్న రెండు ఆక్సిజన్ సెన్సార్ల వోల్టేజీ చూస్తుంది. మంచి కన్వర్టర్ ఆక్సిజన్‌ను పట్టి ఉంచుకుంటుంది కాబట్టి ముందు సెన్సార్ పైకీ కిందకీ ఊగుతున్నా వెనకది ఇంచుమించు నిలకడగా ఉండాలి. వెనకది కూడా ముందుదానిలా ఊగిందంటే కన్వర్టర్ పట్టు తప్పిందని కంప్యూటర్ తర్కించుకుంటుంది. అంటే కోడ్ ప్రత్యక్షం కాదు. యంత్రం తన లోపల చేసుకున్న అనుమానాన్ని మనకు శబ్దంగా వినిపిస్తోంది. పైపులో సెన్సార్‌కు ముందు చిన్న చిల్లు పడి బయటి గాలి లోపలికి పీల్చినా, వెనక సెన్సారే చెడినా అదే కోడ్ రావచ్చు.

"నిప్పు లేనిదే పొగ రాదు" అని మనం రోజూ అనే మాటే న్యాయశాస్త్రపు నిత్యోదాహరణ. కొండ మీద పొగ కనబడింది, కాబట్టి అక్కడ నిప్పుంది. పదిహేడో శతాబ్దపు తెలుగు పండితుడు అన్నంభట్టు, పిల్లలకు తర్కం తేలిగ్గా రావాలని రాసిన తర్కసంగ్రహంలో దీన్నే ఐదు అంగాలుగా విడదీసి చూపాడు. కొండ మీద నిప్పుందనేది ప్రతిజ్ఞ. పొగ ఉంది కాబట్టి అనేది హేతువు. పొగ ఉన్నచోటల్లా నిప్పుంటుంది, వంటింట్లో చూశాం కదా అనేది ఉదాహరణ. ఈ కొండ మీదున్నదీ అలాంటి పొగే అని కలిపి చూడటం ఉపనయం. కాబట్టి నిప్పుంది అని తేల్చడం నిగమనం. ఎదుటివాణ్ణి ఒప్పించాలంటే ఐదూ కావాలని నైయాయికుల, అంటే న్యాయ దర్శనం వారి, పట్టు.

స్కానర్ ఎంపికకు ఇంతకంటే మంచి గీటురాయి లేదు. కోడ్ మాత్రమే చదివి చెరిపే చిన్న పెట్టె ప్రతిజ్ఞ చెప్పి ఊరుకుంటుంది. హేతువు అడిగితే దానికి నోరు లేదు. హేతువు చూపించేవి రెండున్నాయి. ఒకటి ఫ్రీజ్ ఫ్రేమ్: తప్పు పట్టుబడిన క్షణాన బండి ఎంత వేగంలో ఉంది, ఇంజన్ ఎంత వేడి మీద ఉంది, ఎంత బరువు లాగుతోంది అన్న లెక్కలు కంప్యూటర్ అప్పుడే రాసి దాచుకుంటుంది. రెండోది లైవ్ డేటా: సెన్సార్లు ఈ క్షణాన ఏం చెబుతున్నాయో గీతలా కదులుతూ కనబడేది. ఈ రెండూ సరిగ్గా చూపని టూల్ ఎంత చవకైనా ఇంటికి కూడా తేవద్దు.

గుర్తును ఉన్నపాటున నమ్మితే ఏమవుతుందో న్యాయసూత్రాల్లోనే ఒక ఆక్షేపణ ఉంది. నది పొంగితే ఎగువన వాన పడిందంటారు. దిగువన ఎవరో అడ్డుకట్ట వేసినా నీరు పెరుగుతుంది కదా, ఇక అనుమానం ప్రమాణమెలా అవుతుందని ప్రతివాది అడుగుతాడు. జవాబులో గొప్ప మెలకువ ఉంది. నీరు పెరగడం ఒక్కటే గుర్తు కాదంటాడు భాష్యకారుడు వాత్స్యాయనుడు. వడి, నురగ, కొట్టుకొచ్చే ఆకులు, కాయలు, కట్టెలు అన్నీ కలిసిన పొంగు వానకు గుర్తు. కృష్ణ, గోదావరి ఒడ్డున ఉన్నవాళ్లకు ఇది కొత్త కాదు. ప్రకాశం బ్యారేజీ గేట్లు దించితే ఎగువన నీరు నిండుతుంది, కానీ తేటగా, కదలకుండా ఉంటుంది. గోదావరికి వరద వచ్చిందంటే ఎర్రనీరు దిగుతుంది, చెత్తాచెదారం మోసుకొస్తుంది. రెండూ నీటిమట్టం పెరగడమే. రెండూ ఒకే గుర్తు కాదు.

ఈ పాఠాన్ని బోనెట్ దగ్గర చూద్దాం. పీ0171 అనే కోడ్ వచ్చిందనుకోండి. మిశ్రమంలో గాలి ఎక్కువ, ఇంధనం తక్కువ అని దాని భావం. తెలియనివాళ్లు ముందుగా ఆక్సిజన్ సెన్సార్ మారుస్తారు. నిజం చెప్పిన సాక్షినే బయటికి గెంటినట్టు. లైవ్ డేటాలో ఫ్యూయల్ ట్రిమ్ అనే లెక్క తెరవాలి. లెక్కప్రకారం పోయాల్సిన పెట్రోలు కంటే కంప్యూటర్ ఎంత ఎక్కువ పోయాల్సి వస్తోందో శాతంలో చూపే లెక్క అది. సున్నాకు అటూ ఇటూగా ఉంటే బాగున్నట్టు. ఈ కారులో ఐడిలింగ్ మీద ప్లస్ 22 చూపుతోంది. యాక్సిలరేటర్ తొక్కి 2,500 ఆర్‌పీఎంకు తెచ్చి పట్టుకుంటే ప్లస్ 5కు దిగింది. అంటే ఎక్కడో రబ్బరు పైపు చిరిగి, లెక్కలోకి రాని గాలి దొంగతనంగా దూరుతోంది. ఐడిలింగ్‌లో ఇంజన్ తీసుకునే గాలే తక్కువ కాబట్టి ఆ దొంగగాలి వాటా పెద్దది. వేగం పెరిగితే వాటా చిన్నదవుతుంది. అలా కాకుండా బరువు మీద, ఎత్తు ఎక్కేటప్పుడు ట్రిమ్ ఇంకా పెరిగితే వెతకాల్సింది పెట్రోలు పంపు, ఫిల్టరు, గాలి కొలిచే సెన్సార్ దగ్గర. కోడ్ రెండు సందర్భాల్లోనూ అదే. నీటి రంగు వేరు.

పైపు చిరుగు ఎక్కడుందో పట్టడానికి పెద్ద షెడ్డుల్లో స్మోక్ మెషిన్ వాడతారు. ఇన్‌టేక్‌లోకి తెల్లటి పొగ నింపితే చిరుగు ఉన్నచోట సన్నటి దారంలా పైకి లేస్తుంది. శతాబ్దాల నాటి కొండ మీది పొగ కంటి ముందే లేచినట్టుంటుంది. అక్కడితో అనుమానం ప్రత్యక్షమైంది.

హేతువులా కనబడి మోసం చేసేవాటిని హేత్వాభాసాలన్నారు. అన్నంభట్టు ఐదు చెప్పాడు. షెడ్డులో తరచూ ఎదురయ్యేవి మూడు. సాధ్యం, అంటే నిరూపించాల్సింది, ఉన్నచోటా లేనిచోటా తిరిగే హేతువు సవ్యభిచారం. పీ0420 ఒక్కదాన్ని పట్టుకుని కన్వర్టర్ పోయిందనడం ఈ జాతిది. బలమైన మరో ప్రమాణం కొట్టివేసేది బాధితం. నిప్పు ద్రవ్యం కాబట్టి చల్లగా ఉంటుందని వాదించడం శాస్త్రంలో దానికి ఉదాహరణ. ముట్టుకుంటే చాలు వాదం పోతుంది. మే నెలలో రెంటచింతలలో నిలిపిన కారు ఇంజన్ వేడి మైనస్ 40 డిగ్రీలని తెర మీద కనబడితే అదీ అంతే. చాలా కార్లలో ఆ సెన్సార్ తీగ తెగినా, ప్లగ్గు ఊడినా కంప్యూటర్‌కు కనబడే అంకె అదే. ఇక లేని ఆశ్రయం మీద నిలబెట్టేది ఆశ్రయాసిద్ధం: ఆకాశంలో పూసిన తామర కాబట్టి సువాసన ఉంటుందన్నట్టు. కంపెనీ సొంత కోడ్‌ను సామాన్య టూల్ మరో కంపెనీ పట్టికలో చూసి చదివితే, ఈ కారులో అసలు లేని భాగం చెడిందని చెబుతుంది. ఆ తామరకు కొందరు డబ్బు కూడా కడుతున్నారు.

తిరగేసి చూసినా ప్రమాదమే. పొగ ఉంటే నిప్పుంటుంది గానీ, నిప్పున్న చోటల్లా పొగ ఉండాలని లేదు. కొలిమిలో ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పుంది, పొగ లేదు. నిప్పుకు తడికట్టె తోడైతేనే పొగ. ఆ తోడునే ఉపాధి అన్నారు. కారులో ఆ తడికట్టె సెన్సార్. దాని నిఘా ఉన్నచోటే తప్పుకు కోడ్ పుడుతుంది. అరిగిన బ్రేక్ ప్యాడ్లు, చిరిగిన ఇంజన్ మౌంటింగ్, వదులైన బాల్‌జాయింట్ సాధారణంగా ఏ కోడూ ఇవ్వవు. సెకండ్‌హ్యాండ్ కారు కొనేటప్పుడు "స్కాన్ చేశాం, ఎర్రర్ ఏమీ లేదు" అన్న మాట విని అడ్వాన్సు ఇచ్చేవాళ్లు ఈ ఇనుపగుండును తలుచుకోవాలి.

ఇక్కడ ఒక నిజమైన పేచీ ఉంది. ప్రతి మాటనూ పరీక్షించే నమ్మాలా, లేక తప్పని తేలేదాకా నమ్మాలా? మరో దర్శనం వారైన మీమాంసకులు, ముఖ్యంగా కుమారిలభట్టు, జ్ఞానానికి ప్రామాణ్యం స్వతస్సిద్ధమన్నారు. తప్పు రుజువయ్యేదాకా అది నిజమే. ప్రతిదానికీ మరో సాక్షి కావాలంటే ఆ సాక్షికి మరో సాక్షి, దానికి మరొకటి, ఎక్కడా ఆగదు. ఈ వాదాన్ని తేలిగ్గా తీసేయలేం. స్కానర్‌ను మల్టీమీటర్‌తో పరీక్షిస్తాం, మల్టీమీటర్‌ను దేనితో? నైయాయికులు మాత్రం ప్రామాణ్యం పరతః అన్నారు. జ్ఞానం నిజమో కాదో దాన్ని నమ్మి చేసిన పని ఫలించడాన్ని బట్టి తెలుస్తుంది. ఎండమావిని నీళ్లనుకుని వెళ్లినవాడి దాహం తీరదు.

మెకానిక్ పనికి నైయాయికుల దారే సరైనది. భాగం మార్చగానే పని అయిపోయినట్టు కాదు. బండిని చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, ఊళ్లో కొంత, హైవే మీద కొంత నడిపి, కారు కంప్యూటర్ తన పరీక్షను మళ్లీ నడిపాక కూడా కోడ్ రాకపోతేనే అప్పుడు చేసిన అనుమానం నిజమని తేలింది. ఈ విషయంలో కారు కంప్యూటర్ చాలామంది మనుషుల కంటే ఓపిక గలది. చాలా తప్పుల విషయంలో అది ఒక్కసారి చూసి చెక్ లైటు వెలిగించదు. పెండింగ్ కోడ్‌గా పక్కన రాసుకుని, మరుసటి ప్రయాణంలోనూ అదే కనబడితేనే వెలిగిస్తుంది. మన తార్కికులు వ్యాప్తి, అంటే పొగ ఉన్నచోటల్లా నిప్పుంటుందన్న లాంటి నియమం, తెలియడానికి మళ్లీ మళ్లీ చూడాలని చెప్పిన భూయోదర్శనం అదే. ఇంజన్ మిస్సింగ్ తీవ్రమై కన్వర్టర్ కాలిపోయే ప్రమాదముంటే మాత్రం ఆగదు, లైటు కొట్టుకుంటుంది. అప్పుడు తర్కం పక్కనపెట్టి యాక్సిలరేటర్ మీంచి కాలు తీయాలి.

ఇక అంగడికి వెళ్దాం. ఇంటి అవసరానికి ఎక్కువమంది కొనేది ఫోన్‌కు బ్లూటూత్‌తో కలిసే అగ్గిపెట్టంత అడాప్టర్. చాలావాటి మీద ఈఎల్ఎం327 అని ఉంటుంది. అది కెనడాలోని ఈఎల్ఎం ఎలక్ట్రానిక్స్ చేసిన చిప్ పేరు. తొలి చిప్‌లోని ప్రోగ్రాంకు కాపీ రక్షణ లేకపోవడంతో దాన్ని ఎత్తి నకళ్లు పుంఖానుపుంఖాలుగా చేశారు. 1.5 అని రాసి అమ్మే వర్షన్‌ను అసలు కంపెనీ ఎన్నడూ విడుదల చేయలేదు. నకలు మొత్తం పనికిరానిదని కాదు. కొన్ని ఆజ్ఞలకు బదులివ్వదు, కొన్ని కార్లతో కలవదు, డేటా మెల్లగా వస్తుంది. ఊగే సెన్సార్ గీత మెల్లగా వస్తే నిలకడగా ఉన్నట్టు కనబడుతుంది. అక్కడే హేతువు చెడుతుంది. కొంచెం ఎక్కువ పెట్టి పేరున్న అడాప్టర్ కొనడం మేలు. ఐఫోన్ ఉన్నవాళ్లు పాతరకం బ్లూటూత్ అడాప్టర్ కొంటే కలవదు. బ్లూటూత్ లో ఎనర్జీ గానీ వైఫై గానీ ఉండాలి. 2010కి ముందు కారైతే సాకెట్ ఉన్నా మాట కలుస్తుందన్న భరోసా లేదు. కొనే ముందే పెట్టి చూడాలి.

పని అయ్యాక అడాప్టర్ తీసేయాలి. పదహారో పిన్నులో కరెంటు ఎప్పుడూ ఉంటుంది, నెల్లాళ్లు నిలిపిన కారు బ్యాటరీ దిగిపోవచ్చు. ఇంకో భయం కూడా ఉంది. 2015లో శాండియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇలాంటి సాకెట్‌కు పెట్టిన ఒక బీమా పరికరానికి ఎస్సెమ్మెస్ పంపి కార్వెట్ కారు బ్రేకులను దూరం నుంచే ఆడించి చూపారు.

షెడ్డు సంగతి వేరు. అక్కడ ఉపనయం కూడా కావాలి, అంటే ఈ బండి మీదే ప్రయోగం చేసి చూడగలగాలి. ఫ్యాన్ తిరుగుతుందా అని టూల్ నుంచే ఆజ్ఞ ఇచ్చి తిప్పడం, ఇంజెక్టర్లను ఒక్కొక్కటే ఆపి ఏది ఆపినప్పుడు ఇంజన్ తీరు మారదో చూడటం, ఏబీఎస్ బ్లీడింగ్, బీఎస్6 డీజిల్ కార్ల పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టరులో పేరుకున్న మసిని కాల్పించడం, కొత్త ఇంజెక్టర్ నంబరు కంప్యూటర్‌కు నేర్పడం. లాంచ్, ఆటెల్, బాష్ వంటి కంపెనీల పెద్ద టూల్స్ ఇవి చేస్తాయి. అయితే పెట్టె మీద రాసిన కార్ల జాబితాను చూసి కొనకూడదు. ఆ వారం షెడ్డుకు వచ్చిన మారుతి, హ్యుందాయ్, మహీంద్రా, టాటా బండ్లకు పెట్టించి, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ దాకా వెళ్తోందా, ఆజ్ఞలు నిజంగా పనిచేస్తున్నాయా అని అమ్మేవాడి ఎదుటే చూడాలి. రెండో ఏడాది నుంచి అప్‌డేట్‌కు ఎంత కట్టాలో కాగితం మీద రాయించుకోవాలి. ఎక్కువగా ఫోక్స్‌వ్యాగన్, స్కోడా బండ్లే చేసేవాళ్లకు అన్నిటికీ పనికొచ్చే టూల్ కంటే ఆ గుంపు కార్లకే తయారైన వీసీడీఎస్ లాంటిది లోతుగా వెళ్తుంది.

ఇంత చెప్పినా కొందరికి ఆ లోతు చాలా కాలం అందలేదు. కంపెనీలు తమ డయాగ్నస్టిక్ టూల్స్‌ను, విడిభాగాలను బయటి మెకానిక్‌లకు దొరకనివ్వడం లేదని 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ తేల్చి, 14 కార్ల కంపెనీలకు కలిపి 2,544.65 కోట్ల రూపాయల జరిమానా వేసింది. జ్ఞానానికి సాధనాన్ని ఒకరి చేతిలోనే ఉంచడం అన్యాయమని ఒక సంస్థ లెక్కకట్టి చెప్పడం చిన్న విషయం కాదు. పదో తరగతి ఆపేసి షెడ్డులో చేరిన కుర్రాడికి వేలల్లో దొరికే టూల్ చేతికి వస్తే అతని పని గౌరవం పెరుగుతుంది.

అయితే చేతికి రావడం వేరు, వంటబట్టడం వేరు. కాశీకి వెళ్లినంత మాత్రాన ఎవరూ అన్నంభట్టు అయిపోరని పండితుల్లో ఒక నానుడి ఉంది. ఆప్తుడు, అంటే నమ్మదగినవాడు, ఎవరో చెబుతూ వాత్స్యాయనుడు మూడు లక్షణాలు పెట్టాడు: విషయాన్ని తాను నేరుగా తెలుసుకుని ఉండాలి, తెలిసింది తెలిసినట్టే చెప్పాలన్న కోరిక ఉండాలి, చెప్పే సామర్థ్యం ఉండాలి. ఋషికైనా ఆర్యుడికైనా మ్లేచ్ఛుడికైనా లక్షణం ఒక్కటే అన్నాడు. కులం, ఊరు, బోర్డు పేరు అందులో లేవు. ఈ లెక్కన షోరూమ్ మాట కాబట్టి నిజమని గానీ, రోడ్డు పక్క షెడ్డు కాబట్టి అబద్ధమని గానీ అనలేం.

యంత్రానికి సామర్థ్యం ఉంటుంది. కోరిక మాత్రం దాన్ని చేసినవాళ్లది. ఫోక్స్‌వ్యాగన్ డీజిల్ కార్ల వ్యవహారం దీనికి చేదు రుజువు. వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు పొగను కొలిచే పరికరాలను కారు వెనకే కట్టుకుని రోడ్ల మీద తిరిగారు. జెట్టా కారు నైట్రోజన్ ఆక్సైడ్లను హద్దుకు 15 నుంచి 35 రెట్లు వదులుతున్నట్టు 2014లో బయటపెట్టారు. ప్రయోగశాలలో పరీక్ష జరుగుతోందని కారులోని సాఫ్ట్‌వేర్ పసిగట్టి, అప్పుడు మాత్రం శుభ్రంగా నడిచేది. 2015 సెప్టెంబరులో అమెరికా పర్యావరణ సంస్థ నోటీసు ఇచ్చింది. ప్రపంచవ్యాప్తంగా దాదాపు 1.1 కోటి వాహనాల్లో ఆ సాఫ్ట్‌వేర్ ఉన్నట్టు కంపెనీ ఒప్పుకుంది. అన్నేళ్లూ డ్రైవర్ల ముందు చెక్ లైటు వెలగలేదు. శబ్దం అబద్ధమాడింది, పొగను రోడ్డు మీద నేరుగా కొలిచిన ప్రత్యక్షం దాన్ని పట్టుకుంది.

చిన్న ఎత్తున అదే పాపం కోడ్ చెరిపి కారు అమ్మడం. చెరిపితే లైటు పోతుంది, ఫ్రీజ్ ఫ్రేమ్ పోతుంది, అంటే సాక్ష్యం కాలిపోతుంది. కానీ ఒక జాడ మిగులుతుంది. చెరిపిన వెంటనే బండి తన స్వయంపరీక్షలను మళ్లీ మొదటి నుంచి చేసుకోవాలి. అవి పూర్తయ్యాయో లేదో రెడినెస్ అనే పేజీలో కనబడుతుంది. చాలా పరీక్షలు అసంపూర్తిగా ఉంటే ఈ మధ్యే ఎవరో చెరిపారని గానీ బ్యాటరీ తీశారని గానీ అర్థం. అమెరికా చదువుకు వెళ్లి మొదటి నెలలోనే పాత కారు కొనే మన పిల్లలకు ఇది తప్పక చెప్పాలి. కాలిఫోర్నియాలో 2000, ఆ తర్వాతి మోడల్ పెట్రోలు కార్లకు స్మాగ్ పరీక్ష ఈ సాకెట్ నుంచే జరుగుతుంది, రెడినెస్ పూర్తికాని కారు సాధారణంగా అందులో గట్టెక్కదు.

చివరిగా, కొన్నవాళ్లకూ కొనబోయేవాళ్లకూ ఒక మనవి. ఐదు అంగాల్లో అందరూ వదిలేసేది ఉదాహరణ. వంటింటి పొగను చూడనివాడు కొండ మీది పొగను చూసి నిప్పును ఊహించలేడు. కారు ఆరోగ్యంగా ఉన్నప్పుడు దాని అంకెలు చూడనివాళ్లకు జబ్బు చేసినప్పుడు కనబడే అంకెలకు అర్థం తెలియదు. టూల్ కొన్న మొదటి ఆదివారమే, చెక్ లైటు లేనప్పుడే, ఇంజన్ వేడెక్కాక ప్లగ్గు పెట్టండి. ఐడిలింగ్ ఆర్‌పీఎం, ఇంజన్ వేడి, ఫ్యూయల్ ట్రిమ్, వెనక ఆక్సిజన్ సెన్సార్ వోల్టేజీ, బ్యాటరీ వోల్టేజీ తేదీతో సహా ఒక కాగితం మీద రాయండి. ఆర్సీ, ఇన్సూరెన్స్ కాగితాలున్న కవర్లోనే దాన్నీ పెట్టండి. రేపు లైటు వెలిగిన రోజున మెకానిక్‌కు కారు తాళంతో పాటు ఆ కాగితం కూడా ఇవ్వండి.